బజర్ మోగే వేళ వదిలిన షాట్ చెల్లుతుందా? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ తీర్పులను తూకం వేసే పద్ధతి

ఆఖరి షాట్ చెల్లిందో లేదో తేల్చాలంటే ముందు రింగు మీద నుంచి చూపు తిప్పుకోవాలి. బంతి పడిందా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది. తేలాల్సినవి రెండే: వేలి కొసకూ బంతికీ మధ్య ఖాళీ ఎప్పుడు కనిపించింది, గడియారం సున్నాకు ఎప్పుడు చేరింది. ఈ రెండిట్లో ఏది ముందు అన్నదే తీర్పు. గొడవలన్నీ ఈ రెండు క్షణాలను సరిగ్గా పట్టుకోలేకపోవడం వల్లే వస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా అమెరికా కాలేజీల ఆట గురించి, అంటే అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నియమాల గురించి. పురుషుల ఆటలో 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మహిళలకు 2015-16 నుంచి 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. షాట్ క్లాక్, అంటే బంతి దక్కిన జట్టు షాట్ కొట్టడానికి ఉన్న గడువు, 30 సెకన్లు. కోర్టులో ముగ్గురు రిఫరీలు. మన దేశంలో ఆడేది అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నియమాలతో కాబట్టి కొన్నిచోట్ల తేడా వస్తుంది. స్కూల్లో, కాలేజీలో ఆడిన అనుభవంతో అమెరికా మ్యాచ్‌లు చూసేవాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే.

ముందు నియమం తెలియాలి

సమయం అయిపోయేలోపు బంతి చేతిని వదిలితే చాలు. ఆ తర్వాత గాల్లో ఎంతసేపున్నా, బోర్డుకు తగిలి రింగు మీద నాలుగుసార్లు ఎగిరి పడినా లెక్కే. 2016 ఏప్రిల్ 4న హ్యూస్టన్‌లో జరిగిన ఫైనల్లో విల్లనోవా ఆటగాడు క్రిస్ జెంకిన్స్ కొట్టిన మూడు పాయింట్ల షాట్ దీనికి చక్కటి ఉదాహరణ. బంతి గాల్లో ఉండగా బోర్డు చుట్టూ ఎర్రలైట్లు వెలిగాయి. అయినా విల్లనోవా నార్త్ కరోలినాపై 77-74తో గెలిచింది. లైట్లు వెలిగేసరికి బంతి ఎంత ఎత్తులో ఉందో చూస్తే ఇంకో ప్రశ్న అక్కర్లేదు.

అదే షాట్ గురి తప్పి, హారన్ తర్వాత తోటి ఆటగాడు వేలితో తట్టి లోపలికి పంపితే చెల్లదు. అది కొత్త ప్రయత్నం కింద లెక్క. బంతి రింగుకన్నా పైన ఉండి, కిందికి దిగుతూ, లోపలికి వెళ్లే అవకాశం ఉన్నప్పుడు డిఫెండర్ తాకితే మాత్రం హారన్ మోగి ఉన్నా గోల్‌టెండింగే. పాయింట్లు ఇస్తారు.

రెండా, మూడా అన్నది గాల్లో ఉన్న కాళ్లను బట్టి కాదు, నేలను వదిలిన చోటును బట్టి తేలుతుంది. కాలి బొటనవేలు గీతను తాకితే రెండే. పురుషుల ఆటలో 2019-20 నుంచి ఈ గీత 22 అడుగుల 1¾ అంగుళాల దూరంలో ఉంది, అంటే ఫీబా వారి 6.75 మీటర్లే. ఈ ఒక్క విషయంలో మన కోర్టులో అలవాటైన కంటి అంచనా అక్కడా పనికొస్తుంది.

సాక్షులు ముగ్గురు, చెవిని ఆఖర్న నమ్మాలి

సమయం అయిపోయిందని చెప్పేవి మూడు: గడియారంలో 0.0, బోర్డు చుట్టూ వెలిగే ఎర్రలైటు, హారన్. మొదటి రెండూ కనిపిస్తున్నంతసేపు హారన్‌ను పక్కన పెట్టాలి. అవి కనిపించనప్పుడే దానికి విలువ.

కారణం భౌతికశాస్త్రమే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. హారన్‌కు 15 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి అది దాదాపు 0.04 సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. పై వరుసల్లో 60 మీటర్ల దూరాన కూర్చున్నవారికి ఆలస్యం 0.18 సెకన్ల దాకా ఉంటుంది. గ్యాలరీలో కూర్చున్న పెద్దమనిషి "చేతిలోంచి పోయాకే హారన్ మోగింది, నా చెవులారా విన్నా" అంటే ఆయన అబద్ధమాడుతున్నట్టు కాదు. ఆయన చెవికి అలాగే చేరింది. టీవీలో బొమ్మకూ శబ్దానికీ పొత్తు ఎంతమాత్రం కుదిరిందో ఎవరికీ హామీ లేదు, కాబట్టి అక్కడ పరిస్థితి ఇంకా ఘోరం.

రంగు తేడా కూడా గమనించండి. ఎర్రలైటు ఆట సమయానిది. షాట్ క్లాక్ అయిపోతే వెలిగేది పసుపు లైటు. రెండు గడియారాలూ కొద్ది తేడాలో అయిపోయే సందర్భాల్లో జనం పసుపును చూసి ఎరుపు అనుకుని వాదిస్తుంటారు.

వీడియో ముందు కూర్చుని తేల్చడం

మొదటి పని మంచి వీడియో సంపాదించడం. సెకనుకు 60 ఫ్రేములున్న క్లిప్పులో ఒక్కో ఫ్రేము 0.0167 సెకను. సెకనులో పదో వంతుకు ఆరు ఫ్రేములు దొరుకుతాయి. అదే 30 ఫ్రేముల క్లిప్పయితే మూడే. వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చిన క్లిప్పుతో ఈ పని చేయకండి, అందులో ఎన్ని ఫ్రేములు మిగిలాయో చెప్పలేం. మన దేశపు ప్రసారం సెకనుకు 50 లెక్కలో నడుస్తుంది, అమెరికాది 60 లెక్క. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు కొన్ని ఫ్రేముల్లో రెండు బొమ్మలు కలిసిపోయి బంతి రెండుచోట్ల నీడలా కనబడుతుంది. అలాంటి ఫ్రేము మీద తీర్పు నిలబడదు. యూట్యూబ్‌లో నాణ్యతను 720పీ60 లేదా అంతకన్నా పైన పెట్టి, వీడియో ఆపి, కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేము వెనక్కీ ముందుకీ కదులుతుంది. వీఎల్‌సీలో అయితే 'ఈ' కీ ముందుకు జరుపుతుంది.

రెండోది, తెర మూలన ప్రసారకులు వేసే గడియారాన్ని మరచిపోవడం. అది స్కోరుబోర్డు నుంచి సమాచారం అందుకుని చూపించేది, ఎంతో కొంత వెనకబడి ఉంటుంది. చూడాల్సింది బోర్డు పైన బిగించిన అసలు గడియారాన్ని, లేదా ఎర్రలైటును.

మూడోది కోణం. పక్కనుంచి తీసిన బొమ్మలో చేతికీ బంతికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. షూటర్ ఎదురుగానో వెనకగానో ఉన్న కెమెరాలో చెయ్యి, బంతి ఒకదాని మీద ఒకటి పడి, బంతి వెళ్లిపోయినా ఇంకా చేతిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. చెయ్యి ఒక కెమెరాలో, లైటు ఇంకో కెమెరాలో ఉంటే రెండిట్లోనూ కనిపించే సంఘటన ఒకటి వెతకండి. బంతి రింగుకు తగిలిన ఫ్రేము చాలామటుకు పనికొస్తుంది. అక్కణ్ణుంచి రెండు క్లిప్పుల్లోనూ వెనక్కి లెక్కపెట్టండి.

ఇక నాలుగోది, అసలు తీర్పు. రెండు ఫ్రేములు పక్కపక్కన పెట్టండి: సున్నా రాకముందు ఆఖరి ఫ్రేము, సున్నా వచ్చిన మొదటి ఫ్రేము. ముందు ఫ్రేములోనే ఖాళీ కనిపిస్తే షాట్ చెల్లింది. సున్నా ఫ్రేములో బంతి ఇంకా వేలికి తగులుతుంటే చెల్లలేదు. ముందు ఫ్రేములో తగులుతూ, సున్నా ఫ్రేములో విడిపోయి ఉంటే? చెప్పలేం. ఆ రెండు ఫ్రేముల మధ్య ఏది ముందు జరిగిందో ఆ కెమెరాకే తెలియదు. అలాంటప్పుడు కోర్టులో రిఫరీ మొదట ఏం చెప్పాడో అదే నిలుస్తుంది. నియమం కూడా అదే: మానిటర్‌లో స్పష్టమైన ఆధారం దొరక్కపోతే మొదటి తీర్పును కదపకూడదు.

ఈ మూడో సందర్భాన్ని ఒప్పుకోవడానికే జనానికి మనసు రాదు. 2013 జనవరి 3న అరిజోనాతో మ్యాచ్‌లో కొలరాడో ఆటగాడు సబాటినో చెన్ ఆఖర్లో కొట్టిన మూడు పాయింట్ల షాట్‌ను మానిటర్ చూశాక కొట్టేశారు. ఓవర్‌టైమ్‌లో అరిజోనా 92-83తో గెలిచింది. ఆ తర్వాత ఎవరికి నచ్చిన ఫ్రేము వారు ఆపి వాదించుకున్నారు. ఒక్క ఫ్రేము చూపించి వాదించేవారిని అడగాల్సింది ఒకటే: దీని పక్క ఫ్రేము ఏదీ?

బంతి వేగంగా కదిలే ఫ్రేములో అంచు మసకబారి, వేలికి అంటుకున్నట్టే ఉంటుంది. మణికట్టు కిందికి వంగిపోయి, వేళ్లు నేలవైపు తిరిగి ఉన్నాయంటే బంతి అప్పటికే వదిలినట్టు. మసక ఫ్రేములో ఖాళీ కోసం కళ్లు చికిలించే బదులు మణికట్టును చూడండి.

గడియారమే ఆలస్యంగా కదిలితే

త్రో-ఇన్‌లో, అంటే గీత బయటి నుంచి బంతి విసిరినప్పుడు, అది కోర్టు లోపలున్న ఆటగాణ్ణి తాకిన క్షణాన గడియారం మొదలవ్వాలి. అది మొదలుపెట్టేది మనిషి కాబట్టి కొంత జాప్యం సహజం. చాలా కాలేజీ మ్యాచ్‌లలో రిఫరీల నడుముకు చిన్న పెట్టె, విజిల్ దగ్గర మైకు ఉంటాయి. విజిల్ శబ్దానికి గడియారం దానంతటదే ఆగుతుంది, మొదలుపెట్టడానికి రిఫరీ మీట నొక్కుతాడు.

అనుమానం వస్తే మీరే కొలవండి. తాకిన ఫ్రేమును సున్నా అనుకుని, చెయ్యి వదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 60తో భాగించండి. గడియారంలో 1.4 సెకన్లు ఉన్నాయనుకుందాం. 78 ఫ్రేములు వస్తే 1.3 సెకన్లు, షాట్ చెల్లింది. 90 వస్తే 1.5 సెకన్లు. అప్పుడు గడియారం ఇంకా 0.1 చూపిస్తున్నా అది గడియారం తప్పే. 84 చుట్టుపక్కల వస్తే ఒకటి రెండు ఫ్రేముల తేడాకు ఎవరినీ దొంగ అనకండి.

2023 మార్చి 26న శాన్ డియాగో స్టేట్, క్రైటన్ మ్యాచ్ చివర ఇలాంటి కొలతే జరిగింది. 1.2 సెకన్లుండగా విసిరిన పొడవాటి పాస్ కోసం ఇరువైపులవాళ్లూ ఎగబడ్డారు, బంతి బయటికి పోయింది. రిఫరీలు మానిటర్ దగ్గర సమయం కొలిచి ఆట ముగిసిందని తేల్చారు. శాన్ డియాగో స్టేట్ 57-56తో గెలిచింది.

ఎంత సమయంలో ఎంత పని అవుతుందో అంచనా కావాలంటే 1992 నాటి డ్యూక్, కెంటకీ మ్యాచ్ చూడండి. 2.1 సెకన్లలో క్రిస్టియన్ లేట్నర్ బంతి అందుకుని, ఒక డ్రిబుల్ చేసి, వెనక్కి తిరిగి కొట్టాడు. డ్యూక్ 104-103తో గెలిచింది. 2 సెకన్లంటే అంత తక్కువేం కాదు.

0.3 దగ్గర మన లెక్క వేరు, వాళ్ల లెక్క వేరు

త్రో-ఇన్‌తోనో తప్పిపోయిన ఫ్రీ త్రోతోనో ఆట మళ్లీ మొదలయ్యేటప్పుడు గడియారంలో 0.3 లేదా అంతకన్నా తక్కువ ఉంటే, కాలేజీ ఆటలో బంతి పట్టుకుని కొట్టడానికి వీల్లేదు. తట్టి పంపితేనే చెల్లుతుంది. 0.4 ఉంటే పట్టుకుని కొట్టవచ్చు. ఫీబాలో 0.3 ఉన్నా పట్టుకుని కొట్టవచ్చు, 0.2 నుంచి కిందికే ఆ నిషేధం. ఎన్‌బీఏ కూడా 0.3 దగ్గర అనుమతిస్తుంది. 1990 జనవరి 15న న్యూయార్క్ నిక్స్ ఆటగాడు ట్రెంట్ టక్కర్ 0.1 సెకను మిగిలి ఉండగా బంతి అందుకుని కొట్టి షికాగో మీద గెలిపించిన తర్వాత వచ్చిన నియమం అది. కాబట్టి గడియారంలో సరిగ్గా 0.3 ఉన్న మ్యాచ్ గురించి వాదించే ముందు అది ఏ నియమాలతో నడిచిందో తెలుసుకోండి.

ఆఖరి క్షణాన ఫౌల్

షాట్ ప్రయత్నంలో ఉండగా, సమయం అయిపోకముందు తగిలిన దెబ్బకు ఫ్రీ త్రోలు ఇస్తారు, మధ్యలో హారన్ మోగినా సరే. ఫౌల్ సున్నాకు ముందా తర్వాతా అన్నది మానిటర్‌లో చూడవచ్చు. అసలు అది ఫౌలా కాదా అన్నది మామూలుగా చూడకూడదు. ఈ తేడా తెలియక "అంతసేపు టీవీ ముందు నిలబడి ఇది కనిపించలేదా" అని రిఫరీలను తిట్టేవాళ్లే ఎక్కువ. కనిపించే ఉంటుంది, మార్చే అధికారం లేదు.

2019 ఏప్రిల్ 6న మినియాపొలిస్‌లో వర్జీనియా, ఆబర్న్ సెమీఫైనల్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. ఆబర్న్ 62-60తో ముందుంది. మూల నుంచి వర్జీనియా ఆటగాడు కైల్ గై మూడు పాయింట్ల షాట్ కొట్టినప్పుడు ఆబర్న్ ఆటగాడు శామిర్ డౌటీ అతని మీదికి వచ్చాడని 0.6 సెకన్లు ఉండగా ఫౌల్ ఇచ్చారు. గై మూడు ఫ్రీ త్రోలూ వేశాడు. 63-62. ఆ ఫౌల్ సరైనదే. షూటర్‌కు తిరిగి నేల మీద దిగడానికి చోటు వదలాలి, డిఫెండర్ శరీరం ఆ చోటులోకి వచ్చింది. మొదటి నిమిషంలో అయితే ఎవరూ నోరెత్తరు.

అంతకు కొద్ది క్షణాల ముందు వర్జీనియా ఆటగాడు టై జెరోమ్ డ్రిబుల్ తప్పి, బంతిని రెండు చేతులా పట్టుకుని, మళ్లీ డ్రిబుల్ చేశాడు. డబుల్ డ్రిబుల్. విజిల్ మోగలేదు. అది మానిటర్‌లో చూడదగిన అంశమూ కాదు. ఆ రాత్రి జనం సరైన ఫౌల్ మీద పడి ఏడ్చారు, తప్పిన డబుల్ డ్రిబుల్ కొందరికే కనిపించింది. ఏడ్చినంత మాత్రాన తప్పు ఎక్కడుందో తెలియదు.

మానిటర్‌కు ఏది అందుతుంది

రిఫరీని అంచనా వేసే ముందు ఆ సంవత్సరపు నియమం తెలుసుకోవాలి, ఎందుకంటే జాబితా మారుతూ ఉంటుంది. బంతి చేతిని సమయానికి వదిలిందా, రెండా మూడా, గడియారం తప్పా, తీవ్రమైన ఫౌలా అన్నవి చూడవచ్చు. 2015లో యూసీఎల్ఏ 60-59తో ఎస్ఎంయూ మీద గెలిచిన మ్యాచ్ ఆఖర్లో ఇచ్చిన గోల్‌టెండింగ్‌ను అప్పటి నియమం ప్రకారం తిరిగి చూసే వీలే లేదు. 2025-26 నుంచి పురుషుల ఆటలో కోచ్‌కు చాలెంజ్ వచ్చింది. బంతి ఎవరి చేతి నుంచి బయటికి పోయింది, గోల్‌టెండింగ్, రింగు కింద అర్ధవృత్తంలో, సాయానికి వచ్చిన రెండో డిఫెండర్ నిలబడ్డాడా అన్నవి అడగవచ్చు. చేతిలో టైమ్‌అవుట్ ఉండాలి. నెగ్గితే ఇంకొకటి దక్కుతుంది, ఓడితే అంతే. కాబట్టి ఇకపై బంతి బయటికి పోయిన తీర్పు తప్పయినప్పుడు, చాలెంజ్‌ను పదో నిమిషంలోనే తగలేసుకున్న కోచ్‌కూ అందులో వాటా ఉంటుంది.

రిఫరీల పనితీరుకు 40 నిమిషాలూ చూడాలి

ఒక్క ఆఖరి విజిల్‌తో ముగ్గురు మనుషుల పనిని తూచడం కుదరదు. ఒక కాగితం మీద గడులు గీయండి: సమయం, స్కోరు, ఏ స్థానంలోని రిఫరీ, ఏ తీర్పు, ఒప్పు / తప్పు / చెప్పలేం. ఊదని విజిళ్లకు కూడా వరుస ఉండాలి. చాలామంది వదిలేసేది దీన్నే. ఊదిన తప్పులు మాత్రమే లెక్కపెడితే మౌనంగా ఉన్న రిఫరీ ఉత్తముడైపోతాడు.

స్థానాలు మూడు. బాస్కెట్ కింద బేస్‌లైన్ దగ్గర లీడ్, వెనక హాఫ్ లైన్ వైపు ట్రెయిల్, ఎదుటి పక్కన ఫ్రీ త్రో గీతకు సూటిగా సెంటర్. స్కోరర్ల బల్లకు అవతలి పక్కనున్న రిఫరీ, సెంటర్ కానీ ట్రెయిల్ కానీ, ఆఖరి షాట్ తీర్పు చెప్పాలి. కాబట్టి బజర్ షాట్‌లో మీరు చూడాల్సింది ఆ ఒక్కరినే: వెంటనే లెక్క అనో కాదనో సైగ చేశారా, పక్కవాళ్ల మొహం చూశారా? మానిటర్ తేల్చలేనప్పుడు ఆ మొదటి సైగే ఆటను తేలుస్తుంది కనుక దానికి విలువ ఎక్కువ.

తప్పు దొరికిన ప్రతిచోటా వీడియో ఆపి రిఫరీకీ దెబ్బ తగిలిన చోటుకూ మధ్య గీత ఊహించుకోండి. మధ్యలో ఎవరూ లేకుండా తప్పాడంటే చూపు తప్పు, లేదా నియమం అర్థం చేసుకోవడంలో తప్పు. ఒక వీపు అడ్డు ఉందంటే రెండడుగులు పక్కకు జరగకపోవడం తప్పు. మంచి రిఫరీలు బంతిని కాక డిఫెండర్‌ను చూస్తారు. మీరూ ఒక భాగమంతా టీవీ గొంతు నొక్కేసి, డిఫెండర్ల నడుమునూ చేతులనూ మాత్రమే చూడండి. వ్యాఖ్యాతలు ఎన్నిసార్లు మిమ్మల్ని తప్పుదోవ పట్టించారో అప్పుడు తెలుస్తుంది.

తాకిన ప్రతిసారీ ఫౌల్ కాదు. తాకడం వల్ల ఆటగాడి లయ, వేగం, తూకం, చురుకు దెబ్బతిన్నాయా అన్నది కొలమానం. క్రైటన్ మ్యాచ్‌లో 56-56 దగ్గర శాన్ డియాగో స్టేట్ ఆటగాడు డారియన్ ట్రామెల్ నడుము మీద పడ్డ చేతిని ఈ ప్రశ్నతోనే తేల్చాలి. అదే రకం చేతిని మొదటి పది నిమిషాల్లో ఏం చేశారో మీ కాగితంలో వెతకండి. స్థిరత్వం అంటే రెండు జట్లకూ సమానంగా ఫౌళ్లు ఇవ్వడం అనుకుంటారు. ఒక జట్టు బయటి నుంచి కొడుతూ, ఇంకోటి బాస్కెట్‌లోకి దూసుకెళ్తుంటే ఫౌళ్లు సమానంగా ఉంటేనే అనుమానించాలి.

ఫ్రీ త్రోల తేడా చూపించి పక్షపాతం అనేవారికి ఒక లెక్క. పురుషుల ఆటలో ఒక భాగంలో ఏడో ఫౌల్ నుంచి వన్-అండ్-వన్ (మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది), పదో ఫౌల్ నుంచి రెండు షాట్లు. వెనకబడిన జట్టు గడియారం ఆపడానికి ఆఖరి రెండు నిమిషాల్లో కావాలనే ఫౌళ్లు చేస్తుంది. ఆ రెండు నిమిషాలు తీసేసి మళ్లీ లెక్కపెట్టండి, సగం ఆరోపణలు అక్కడే రాలిపోతాయి.

కాలాన్ని బట్టి బరువు మారదని కూడా గుర్తుంచుకోండి. మొదటి భాగంలోనే ప్రధాన ఆటగాడికి తప్పుగా ఇచ్చిన రెండో ఫౌల్ అతన్ని విరామం దాకా బెంచీ మీద కూర్చోబెడుతుంది. దాని నష్టం ఆఖరి క్షణం తప్పుకన్నా తక్కువేం కాదు, కానీ దాన్ని ఎవరూ రీప్లే వేయరు. 2017లో గొంజాగా, నార్త్‌వెస్టర్న్ మ్యాచ్‌లో రింగు లోపలి నుంచి పైకి వచ్చిన గొంజాగా ఆటగాడు జాక్ కాలిన్స్ చేతిని రిఫరీలు చూడలేదు. కోపంతో కోర్టులోకి వచ్చిన నార్త్‌వెస్టర్న్ కోచ్‌కు టెక్నికల్ ఫౌల్ పడింది. అలా రావాల్సిన పాయింట్లు పోయి, ఎదుటివాళ్లకు ఫ్రీ త్రోలు దక్కాయి. విజిల్ ఊదకపోవడం తప్పేనని ఎన్‌సీఏఏ తర్వాత ఒప్పుకుంది. ఆట ముగియడానికి ఇంకా నిమిషాలు మిగిలి ఉండగా జరిగింది కాబట్టి అందరూ దాన్ని ఆఖరి క్షణపు తప్పుల జాబితాలో చేర్చరు.

ఎన్‌బీఏలాగా ఆఖరి రెండు నిమిషాల తీర్పుల మీద బహిరంగ నివేదిక కాలేజీ ఆటలో ఉండదు. రిఫరీలను నియమించేవి కాన్ఫరెన్సులు, అంటే కాలేజీల లీగులు. రిఫరీలు మ్యాచ్‌కు ఇంత అని పనిచేసేవాళ్లు. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటులో వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ముగ్గురు ఒకే కోర్టులో కలుస్తారు. మొదటి ఐదు నిమిషాల్లో ముగ్గురి గీతా ఒకచోట పడుతోందా అని చూడండి.

ఎర్రలైటు లేని కోర్టులో

మన జిల్లా, కాలేజీ టోర్నమెంట్లలో బోర్డుకు లైట్లు లేకపోతే హారనే ఆధారం. అప్పుడు ఒక రిఫరీ గడియారం వైపు తల తిప్పకుండా షూటర్ చేతినే చూడాలి, చెవి హారన్‌కు అప్పగించాలి. టైమర్ ఆఖరి పది సెకన్లు గట్టిగా లెక్కపెడితే మేలు. హారన్‌ను బల్ల కింద కాకుండా కోర్టుకు ఎదురుగా పెట్టండి. జనం అరుపుల్లో విజిల్‌తో ముగింపు చెప్పకండి, అది ఫౌల్ అనుకుని ఆటగాళ్లు ఆగిపోతారు.

ఈ పద్ధతంతా ఒకసారి చేతికి అలవాటు కావాలంటే 2024 ఏప్రిల్ 5 నాటి మహిళల సెమీఫైనల్, అయోవా 71, యూకాన్ 69, పెట్టుకుని కూర్చోండి. 3.9 సెకన్లుండగా యూకాన్ ఆటగత్తె ఆలియా ఎడ్వర్డ్స్ కదులుతూ స్క్రీన్ వేసిందని (డిఫెండర్‌కు అడ్డుగా కదలకుండా నిలబడలేదని) ఫౌల్ ఇచ్చారు. డిఫెండర్ తగిలే క్షణానికి ఆమె పాదాలు ఆగాయా, భుజం బయటికి వంగిందా, డిఫెండర్ దారి మళ్లిందా అన్నవి మూడు వేర్వేరు ఫ్రేముల్లో చూడండి. తర్వాత అదే ఆటలో రెండు జట్లూ వేసిన మిగతా స్క్రీన్లన్నీ ఒక్కొక్కటిగా ఆ మూడు ప్రశ్నలతోనే కాగితం మీదికి ఎక్కించండి. గంటన్నర పని. "చెప్పలేం" గడిలో ఒక్క గీత కూడా పడకపోతే మళ్లీ మొదటి నుంచి చూడాల్సిందే.